స్పార్క్ ‘ఎక్స్‌క్లూడ్ ఆన్ ఫెయిల్యూర్’: నాలుగేళ్ళు వాడాక మూడున్నర స్టార్లు

రాత్రి 1:50కి ఫోన్ మోగితే మా ఇంట్లో ఇప్పుడెవరూ కంగారుపడరు. కొత్తలో మా ఆయన ఉలిక్కిపడి లేచేవారు, ఊళ్ళో మామయ్యగారికి ఏమైనా అయిందేమోనని. ఇప్పుడు కళ్ళు కూడా తెరవకుండా "నీదే" అని అటు తిరిగి పడుకుంటారు. నాది డేటా ఇంజనీరు ఉద్యోగం, పదకొండేళ్ళయింది. మా కంపెనీకి కిరాణా షాపులున్నాయి. రోజూ రాత్రి 11కి మొదలుపెట్టి తెల్లవారుజామున 5:30 లోపు ఆ రోజు బిల్లులన్నీ కూడి, మర్నాడు ఏ షాపుకి ఎన్ని బియ్యం బస్తాలు, ఎన్ని నూనె డబ్బాలు పంపాలో తేల్చాలి. లెక్క ఆలస్యమైతే గోడౌన్ బయట లారీలు నిలబడిపోతాయి. ఆరింటికి గోడౌన్ మేనేజరు చేసే ఫోన్ కన్నా 1:50 ఫోనే నయం.

ఈ లెక్కలన్నీ చేసేది అపాచీ స్పార్క్, పెద్ద లెక్కని ముక్కలు చేసి చాలా కంప్యూటర్లకి పంచిపెట్టే సాఫ్ట్‌వేర్. 2009లో బర్క్‌లీ యూనివర్సిటీలో మతేయి జహారియా మొదలుపెట్టిన ప్రాజెక్టు, 2014 నుంచి అపాచీ వారి గొడుగు కింద పూర్తి స్థాయి ప్రాజెక్టు. స్పార్క్ మొత్తానికి రివ్యూ రాసే ఓపిక నాకు లేదు, చదివే ఓపిక మీకూ ఉండదు. అందులో ఒక్క సదుపాయం గురించే రాస్తున్నాను: పాడైన నోడ్‌ని, అంటే గుంపులో ఒక కంప్యూటర్‌ని, గుర్తుపట్టి పక్కన పెట్టే ‘ఎక్స్‌క్లూడ్ ఆన్ ఫెయిల్యూర్’. మాది 62 నోడ్ల క్లస్టర్, అంటే కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు. ఒక్కో నోడ్‌కి 12 డిస్కులు, వాటి మీద ఫైళ్ళు దాచే హెచ్‌డీఎఫ్ఎస్, ఏ నోడ్ మీద ఎవరికెంత చోటో పంచే యార్న్. శంషాబాద్ వైపు ఒక అద్దె డేటా సెంటర్లో సొంత మెషిన్లు. క్లౌడ్‌లో ఉన్నవాళ్ళు నోడ్ బాగాలేకపోతే వదిలేసి ఇంకోటి తెచ్చుకుంటారు. మాకలా కుదరదు, ఉన్న అరవై రెండింటితోనే సంసారం.

ముందు ఆ సదుపాయం లేకుండా ఏమవుతుందో చెప్పాలి. నాలుగేళ్ళ కిందట ఒక గురువారం రాత్రి. ముప్పై ఏడో నోడ్‌లో బూట్ డిస్క్ పోతే, సాయంత్రం డిస్క్ మార్చి ఓఎస్ కొత్తగా వేశారు. యార్న్ ఎక్కించారు, హెచ్‌డీఎఫ్ఎస్ ఎక్కించారు, అన్నీ పచ్చగా కనిపించాయి. మా జాబులు (స్పార్క్‌కి ఇచ్చే ఒక్కో లెక్క ఒక జాబ్) వాడే ఒక పైథాన్ ప్యాకేజీని మాత్రం అందులో వేయడం మరిచిపోయారు. ఎవరు మరిచిపోయారన్నది తర్వాత మీటింగులో గంటన్నర చర్చ, తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు ముగిసింది.

1:50కి నేను చూసేసరికి మా ప్రధాన జాబ్ మూడోసారి చచ్చిపోయి ఉంది. 61 నోడ్లు నిక్షేపంలా ఉన్నాయి. ఒక్క నోడ్‌లో ఒక్క ప్యాకేజీ లేదు. దానికే మొత్తం జాబ్ కూలిపోయింది. ఇదెలా సాధ్యమని మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి అడిగాడు. అర్ధరాత్రి అడగాల్సిన ప్రశ్న కాదుగానీ, మంచి ప్రశ్న.

మా నాన్న తెనాలి దగ్గర బియ్యం మిల్లులో గుమస్తాగా పనిచేశారు. సెలవుల్లో నేనూ వెళ్ళి కాటా పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. లారీ వచ్చిందంటే మేస్త్రి వరసగా హమాలీల భుజం మీదకి బస్తాలు ఎత్తిస్తుంటాడు. ఎవరు ముందు ఖాళీ భుజంతో తిరిగొస్తే వాళ్ళకి తర్వాతి బస్తా. మామూలుగా ఇది మంచి పద్ధతే, చురుకైనవాడు ఎక్కువ మోస్తాడు. కానీ వాళ్ళలో ఒకడికి నడుం పట్టేసి, రెండడుగులు వేసి బస్తా కింద పడేసి, వెంటనే వెనక్కి వచ్చి నిలబడితే? అందరికన్నా ముందు ఖాళీగా కనిపించేది వాడే. మేస్త్రి తలెత్తి చూడకుండా ఎత్తిస్తూ పోతే, సగం బస్తాలు వాడి భుజం మీదకే వెళ్తాయి, సగం బస్తాలు దారిలోనే పడి ఉంటాయి. వాపుని చూసి బలుపనుకోవడమంటే ఇదే.

ఆ రాత్రి ముప్పై ఏడో నోడ్ చేసింది అచ్చంగా అదే. మిగతా నోడ్ల మీద ఒక్కో టాస్క్‌కి, అంటే జాబ్‌లో ఒక్కో ముక్కకి, 40 సెకన్లు పడుతుంటే, దాని మీద సెకను తిరక్కుండానే ఫెయిలవుతోంది. ఫెయిలైన మరుక్షణం ‘నేను ఖాళీ’ అని చెయ్యెత్తుతోంది. పైగా సాయంత్రమే తిరిగొచ్చింది కదా, దాని మీద వేరే పనేమీ లేదు. యార్న్ మా జాబుకి కంటైనర్లు, అంటే పని చేసుకునే చోటు, ఇచ్చేటప్పుడు అక్కడ కాస్త ధారాళంగానే ఇచ్చింది.

దీనికి తోడు స్పార్క్‌లో ఇంకో సంగతుంది. సోర్స్ కోడ్ చదివేదాకా నాకూ తెలియదు. చేయాల్సిన టాస్కులని స్పార్క్ దొంతరలా పేరుస్తుంది, పైనున్నది ముందు తీస్తుంది. ఫెయిలైన టాస్క్ మళ్ళీ ఆ దొంతర పైకే చేరుతుంది. ఎందుకలా పెట్టారో కోడ్‌లోనే కామెంట్ రాశారు: పదేపదే ఫెయిలయ్యే టాస్క్ ఉంటే త్వరగా బయటపడాలని. ఉద్దేశం మంచిదే. కానీ మా రాత్రి సంగతి చూడండి. టాస్క్ ముప్పై ఏడులో ఫెయిలైంది, దొంతర పైకొచ్చింది. ఎవరు ఖాళీ? ముప్పై ఏడే. మళ్ళీ దానికే వెళ్ళింది. ఒకే టాస్క్ నాలుగుసార్లు ఫెయిలైతే జాబ్‌ని ఆపేయమన్నది స్పార్క్ మామూలు నియమం. నాలుగుసార్లూ అదే నోడ్ మీద, పది సెకన్లు కూడా పట్టలేదు. లాగ్‌లో నాలుగు వరసలూ ఒకదాని కింద ఒకటి, నాలుగింటి చివరా అదే హోస్ట్ పేరు.

ఆ నోడ్‌లో యార్న్ సర్వీసు ఆపేసి, జాబ్ మళ్ళీ మొదలుపెట్టి, 5:20కి రాత్రి లెక్కంతా పూర్తయ్యేదాకా కూర్చున్నాను. తర్వాతి సోమవారం ఈ సదుపాయం ఆన్ చేశాం.

అవును, మనమే ఆన్ చేయాలి. డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. అర స్టార్ ఇక్కడే పోయింది. ఒక్క చెడ్డ నోడ్ మొత్తం జాబ్‌ని ముంచేయగలదని తెలిసీ, దానికి మందు చేతిలో ఉండీ, దాన్ని పెట్టె అడుగున పెట్టడమేమిటి? చిన్న క్లస్టర్లకి ఇబ్బందని కావచ్చు, ఆ సంగతి కిందికి వస్తాను. ఇంకో చిక్కు, పేరు. 3.0 వెర్షన్ దాకా దీన్ని ‘బ్లాక్‌లిస్ట్’ అనేవారు, 3.1 నుంచి ‘ఎక్స్‌క్లూడ్ ఆన్ ఫెయిల్యూర్’ అయింది. పేరు మార్చడం మంచిదే, నాకేం పేచీ లేదు. కానీ గూగుల్లో వెతికితే జనం అనుభవాలు ఎక్కువగా పాత పేరు మీదే దొరుకుతాయి. మీరు వెతికేటప్పుడు రెండు పేర్లూ కొట్టండి.

ఇప్పుడు పనితనం. ఇది నాకు నిజంగా నచ్చింది. ఒక్క దెబ్బకి నోడ్‌ని బయటికి గెంటదు, మెట్లు మెట్లుగా వెళ్తుంది. ఒక టాస్క్ ఒక ఎగ్జిక్యూటర్‌లో (నోడ్ మీద టాస్కులు నడిపే ప్రాసెస్) ఒకసారి ఫెయిలైతే, ఆ టాస్క్‌ని మళ్ళీ ఆ ఎగ్జిక్యూటర్‌కి ఇవ్వదు. ఒకే నోడ్ మీద రెండుసార్లు ఫెయిలైతే ఆ నోడ్‌కే ఇవ్వదు. ఈ ఒక్క నియమంతోనే మా గురువారం కథ జరక్కుండా పోయేది, ఎందుకంటే మూడో ప్రయత్నం తప్పనిసరిగా వేరే నోడ్‌కి వెళ్తుంది. ఇక ఒక స్టేజ్‌లో (జాబ్‌లో ఒక అంచె) ఒక ఎగ్జిక్యూటర్ మీద రెండు వేర్వేరు టాస్కులు పోతే, ఆ స్టేజ్ అయ్యేదాకా ఆ ఎగ్జిక్యూటర్‌కి పని లేదు. ఒకే నోడ్ మీద రెండు ఎగ్జిక్యూటర్లు అలా పక్కకి వెళ్తే నోడ్ మొత్తం పక్కకి. ఈ అంకెలన్నీ డిఫాల్ట్ విలువలు, కావాలంటే మార్చుకోవచ్చు. మేం మార్చలేదు.

అందులో ఒక తెలివైన పని ఉంది, దీన్ని రాసినవాళ్ళకి దండం పెట్టాలనిపించింది. టాస్క్ ఫెయిలైతే తప్పు నోడ్‌దా, మన కోడ్‌దా? బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. నేను రాసిన ఎస్‌క్యూఎల్‌లో సున్నాతో భాగించి ఉంటే, పాపం ఏ నోడ్ మీదైనా పోతుంది. అందుకని స్పార్క్ ఏం చేస్తుందంటే, ఒక స్టేజ్‌లో దొర్లిన ఫెయిల్యూర్లని ఆ స్టేజ్ వరకే లెక్కిస్తుంది, అప్లికేషన్ మొత్తానికి ఉండే నోడ్ ఖాతాలో వెంటనే రాయదు. ఆ స్టేజ్ చివరికి గట్టెక్కితేనే రాస్తుంది. మిగతా నోడ్ల మీద పని పూర్తయింది, ఇక్కడ మాత్రం కాలేదంటే తప్పు ఇక్కడిదే అని అర్థం కదా. స్టేజ్ మొత్తం కూలిపోతే, కోడ్‌ది కూడా కావచ్చని నోడ్ మీద నింద వేయదు. మా ఆఫీసు మీటింగుల్లో ఈ పద్ధతి పాటిస్తే గురువారం గంటన్నర మిగిలేది.

అప్లికేషన్ స్థాయిలో, అంటే జాబ్ మొత్తానికి, పక్కన పెట్టినది గంట తర్వాత మళ్ళీ పనిలోకి వస్తుంది. ఆ గంటే డిఫాల్ట్. నెట్‌వర్క్ కాసేపు తడబడి మళ్ళీ సర్దుకునే నోడ్లకి ఇది బాగా సరిపోతుంది.

నమ్మకం కుదరక ఒక శనివారం నేనే పరీక్ష పెట్టాను. పన్నెండో నోడ్‌లో ఆ పైథాన్ ప్యాకేజీ ఫోల్డర్ పేరు మార్చేసి, అదే జాబ్ నడిపాను. మామూలుగా 18 నిమిషాల్లో అయ్యే జాబ్. స్పార్క్ వెబ్ పేజీలో ఎగ్జిక్యూటర్ల జాబితా తెరిచి కూర్చున్నాను. అర నిమిషం కాకముందే పన్నెండో నోడ్ మీది రెండు ఎగ్జిక్యూటర్ల పక్కన ‘ఎక్స్‌క్లూడెడ్’ అని పడింది. జాబ్ 19 నిమిషాల్లో పూర్తయింది. కొత్త అబ్బాయి "అక్కా, అంతేనా?" అన్నాడు కొంచెం నిరాశగా. అంతే. మంచి సర్వీసు ఎప్పుడూ చప్పగానే ఉంటుంది.

అదే అబ్బాయి రెండు వారాల తర్వాత, టెస్టింగ్‌లో తప్పులు త్వరగా బయటపడాలని, ఒక టాస్క్ ఎన్నిసార్లు ఫెయిలవ్వచ్చనే అంకెని నాలుగు నుంచి రెండుకి తగ్గించాడు. స్పార్క్ అసలు మొదలవ్వలేదు. నోడ్‌కి రెండు అవకాశాలిచ్చి, మొత్తం అవకాశాలు కూడా రెండే పెడితే, ఒక్క చెడ్డ నోడ్‌ని కూడా తట్టుకోలేవని ఎర్రర్‌లో విడమరిచి చెప్పింది. ఇంత మర్యాదగా తిట్టే ఎర్రర్ మెసేజ్ నేను స్పార్క్‌లో ఇంకోటి చూడలేదు. మిగతావన్నీ వంద వరసల జావా గోల.

సరే, పొగడ్తలు ఇంతటితో చాలు.

దీని పెద్ద లోపం మతిమరుపు. నేర్చుకున్నదంతా ఆ ఒక్క అప్లికేషన్‌తోనే పోతుంది. మాకు రాత్రికి 240 దాకా జాబులు నడుస్తాయి, ఒక్కోటీ ఒక్కో అప్లికేషన్. నడుం పట్టేసిన హమాలీ సంగతి మొదటి మేస్త్రికి తెలిసింది. రెండో మేస్త్రికి చెప్పడు. అతనూ రెండు బస్తాలు కింద పోయించుకుని గానీ తెలుసుకోడు. అలా 240 మంది మేస్త్రీలు, రాత్రికి 240 సార్లు అదే పాఠం. ఫలానా నోడ్లు నాకొద్దని ముందే పేర్లు రాసిచ్చే కాన్ఫిగ్ ఒకటుంది, మేం వాడాం కూడా. కానీ ఆ పేర్లు రాయాలంటే ముందు ఎవరో ఒకరు చూసి ఉండాలి కదా.

ఎవరూ చూడరు. నా అసలు కోపం ఇదే. ఆన్ చేసిన మొదటి ఏడాది వర్షాకాలంలో యాభై ఒకటో నోడ్ వరసగా 23 రాత్రులు పక్కకి వెళ్తూ వచ్చింది. జాబులన్నీ పూర్తవుతున్నాయి, లారీలు వేళకి కదులుతున్నాయి, నా ఫోన్ మోగడం లేదు. నేను హాయిగా నిద్రపోతున్నాను. ఇరవై నాలుగో రోజు వేరే పని మీద లాగులు వెతుకుతుంటే అడుగడుగునా అదే పేరు. నోడ్‌లోకి వెళ్ళి చూస్తే 12 డిస్కుల్లో నాలుగు పోయాయి. యార్న్‌ని అడిగితే నోడ్ భేషుగ్గా ఉందంటుంది. దాని లెక్క వేరు, డిస్కుల్లో పావు వంతు బాగుంటే చాలు నోడ్ బాగున్నట్టే. అంటే 12లో తొమ్మిది పోయినా ఆరోగ్యవంతుడే. మా అమ్మమ్మ కూడా ఇలాగే, ఒళ్ళు కాలిపోతున్నా "బాగానే ఉన్నానే" అనేది.

ఇక్కడ స్పార్క్‌ని పూర్తిగా తప్పుపట్టలేను. అది చెప్పాల్సిన చోట చెప్పింది, లాగ్‌లో రాసింది, ఈవెంట్ లాగ్‌లో కూడా వేసింది. వినేవాళ్ళని మేం పెట్టుకోలేదు. కానీ ఆన్ చేసేటప్పుడు ఎవరైనా ఒక మాట చెప్పి ఉంటే బాగుండేది, అందుకే ఇది రాస్తున్నాను: ఇది ఆన్ చేసిన రోజే, పొద్దున్నే రాత్రి ఏ నోడ్ ఎన్నిసార్లు పక్కకి వెళ్ళిందో లెక్కేసి మెయిల్ పంపే చిన్న స్క్రిప్ట్ కూడా రాసుకోండి. మాకు ఇప్పుడు 7 గంటలకి ఆ మెయిల్ వస్తుంది. ఒకే నోడ్ పేరు మూడు జాబుల్లో కనిపిస్తే టికెట్ దానంతటదే పడుతుంది.

చిన్న క్లస్టర్ల సంగతి చెప్తానన్నాను. మా పక్క టీమ్‌కి మూడు నోడ్ల టెస్ట్ క్లస్టర్ ఉంది, నోడ్‌కి ఒక ఎగ్జిక్యూటర్. మమ్మల్ని చూసి వాళ్ళూ ఆన్ చేశారు. ఒక టాస్క్ మూడు చోట్లా ఒక్కోసారి ఫెయిలైంది, అది కోడ్ తప్పే. ఇక దాన్ని నడపడానికి చోటే లేదు, నాలుగో ప్రయత్నం లేకుండానే ‘ఎక్కడా నడవలేదు’ అని జాబ్ ఆగిపోయింది. వాళ్ళు పొద్దున్నంతా నోడ్లని అనుమానించి రాళ్ళేశారు. మూడు నాలుగు నోడ్లతో నడిపేవాళ్ళకి ఇది అనవసరం.

చచ్చిన నోడ్ల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. కరెంటు పోయి ఠప్పున ఆగిపోయిన నోడ్‌తో ఎవరికీ బాధ లేదు. ఎగ్జిక్యూటర్లు 10 సెకన్లకోసారి డ్రైవర్‌కి (జాబ్‌ని నడిపించే మేస్త్రి ప్రాసెస్) ఉలుకూ పలుకూ పంపుతుంటాయి, 120 సెకన్లు సడి లేకపోతే పోయినట్టే లెక్క. హెచ్‌డీఎఫ్ఎస్ నింపాది మనిషి, పదిన్నర నిమిషాలు ఆగి గానీ నోడ్ పోయిందని ఒప్పుకోదు, ఒప్పుకున్నాక మిగిలిన కాపీల నుంచి మళ్ళీ మూడు కాపీలు చేసేస్తుంది. స్పార్క్ పోయిన భాగాలని మొదటి నుంచి లెక్కకట్టుకుంటుంది. ఇవన్నీ ఏళ్ళ తరబడి నలిగిన దారులు.

చావకుండా, బతక్కుండా ఈడ్చే నోడ్‌తోనే తంటా. అసలు ఒకటిన్నర స్టార్‌లో ఒక స్టార్ పోయింది ఇక్కడే.

పోయిన సంక్రాంతి ముందు వారం. పండగ సరుకు, బిల్లులు మామూలు రోజుకి రెట్టింపు. పెద్ద జాబ్‌లో 2,000 టాస్కుల స్టేజ్ ఒకటి. 1,999 అయిపోయాయి. మిగిలిన ఒక్కటీ గంటా పదినిమిషాలుగా నడుస్తూనే ఉంది. ఎర్రర్ లేదు, ఫెయిల్యూర్ లేదు. ఏ నోడ్ అని చూస్తే, మళ్ళీ ముప్పై ఏడే. దానికీ నాకూ ఏదో జన్మలో బాకీ ఉంది. లోపలికెళ్ళి కర్నల్ మెసేజీలు చూస్తే ఒక డిస్క్ మీద చదవడంలో ఎర్రర్లు బారులు తీరి ఉన్నాయి. డిస్క్ చదవలేక మళ్ళీ ప్రయత్నిస్తుంది, ఎలాగో చదువుతుంది, తర్వాతి ముక్క దగ్గర మళ్ళీ అదే. పైన ఉన్న స్పార్క్‌కి ఫెయిల్యూర్ కనిపించదు, ఆలస్యం మాత్రమే కనిపిస్తుంది. డేటా సెంటర్ కుర్రాడికి ఫోన్ చేస్తే వెళ్ళి చూసొచ్చి "మేడం, లైట్ పచ్చగానే ఉంది" అన్నాడు. నాకు ఆ పచ్చ లైట్ అంటేనే అసహ్యం వేసింది.

ఇది కొత్త రోగం కాదు. 2004లో గూగుల్ ఇంజనీర్లు జెఫ్ డీన్, సంజయ్ ఘెమావత్ మ్యాప్‌రెడ్యూస్ (స్పార్క్ లాంటి పనే చేసే పాత పద్ధతి) పేపర్ రాసినప్పుడే ఇదంతా చెప్పారు. డిస్క్ పాడైతే సెకనుకి 30 మెగాబైట్లు చదవాల్సినది ఒక మెగాబైట్‌కి పడిపోతుందని అందులో రాశారు. దానికి వాళ్ళ విరుగుడు, పని చివరికొచ్చేసరికి మిగిలిపోయిన టాస్కులకి వేరే మెషిన్ మీద ఇంకో కాపీ మొదలుపెట్టడం, ఏది ముందైతే అది తీసుకోవడం. అలా చేస్తే 891 సెకన్లలో అయిన సార్టింగ్, చేయకపోతే 1,283 సెకన్లు పట్టిందని కొలిచి చూపించారు. అదే పరీక్షలో 1,746 వర్కర్ ప్రాసెస్‌లలో 200ని మధ్యలో కావాలని చంపేస్తే పట్టింది 933 సెకన్లే. చూశారా, రెండు వందల చావుల కన్నా ఈడ్చేవాళ్ళతో నష్టమే ఎక్కువ.

స్పార్క్‌లోనూ ఆ విరుగుడు ఉంది, పేరు స్పెక్యులేషన్. అదీ ఆఫ్‌లోనే ఉంటుంది. ఆన్ చేస్తే, ఈడుస్తున్న టాస్క్‌కి కాపీని వేరే హోస్ట్ మీదే మొదలుపెడుతుంది, అది మంచి జాగ్రత్త. మరి మేం ముందే ఎందుకు ఆన్ చేయలేదంటే, భయం. మా జాబుల్లో కొన్ని నేరుగా డేటాబేస్‌లోకి వరసలు రాస్తాయి. కాపీ కూడా రాసేస్తే బియ్యం బస్తాలు రెట్టింపు. ఫైళ్ళలోకి రాసే జాబులకి ఆ భయం లేదు, రెండిట్లో ఒక్కదాన్నే ఖరారు చేసే కాపలా స్పార్క్‌లో ఉంది. ఇప్పుడు వాటికి మాత్రం ఆన్ చేశాం. ఆలస్యానికి కారణం నోడ్ కాక డేటానే అయితే, అంటే ఒక్క షాపు బిల్లులే కొండంత ఉంటే, కాపీ కూడా అంతే ఈడుస్తుంది, రెట్టింపు ఖర్చు. పాత వెర్షన్లలో మధ్యరకం (మీడియన్) టాస్క్ కన్నా ఒకటిన్నర రెట్లు పడితే చాలు కాపీ తీసేది, 4.0లో దాన్ని మూడు రెట్లు చేశారు. నన్నడిగితే మూడే సరి.

కానీ నా ఫిర్యాదు స్పెక్యులేషన్ మీద కాదు. ఈ రెండు సదుపాయాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. సంక్రాంతి తర్వాత స్పెక్యులేషన్ ఆన్ చేశాక ముప్పై ఏడు మీద టాస్కులు వరసగా ఓడిపోతూ వచ్చాయి. ప్రతిసారీ వేరే నోడ్ మీది కాపీ గెలిచింది, దీని మీదిది మధ్యలో ఆపేశారు. అలా ఆపేసిన టాస్క్‌ని స్పార్క్ ఫెయిల్యూర్‌గా లెక్కించదు. అంటే నలభైసార్లు ఓడినా ముప్పై ఏడు ఖాతాలో ఒక్క మచ్చ లేదు, ఎక్స్‌క్లూడ్ ఎప్పటికీ అవ్వదు. నా ఏడు గంటల మెయిల్లో కూడా కనిపించలేదు. ఆ మెయిల్లో ఈ ఓటముల లెక్క కూడా చేర్చాక గానీ బయటపడలేదు.

షఫుల్ ఫైళ్ళు (ఒక స్టేజ్ నుంచి తర్వాతి స్టేజ్‌కి అందే మధ్య ఫైళ్ళు) ఇవ్వలేకపోతున్న నోడ్‌ని పక్కన పెట్టడానికి ఇంకో మీట ఉంది, అదీ ఆఫ్. మేం ఒక నెల ఆన్ చేసి చూశాం. నెట్‌వర్క్ బిజీగా ఉన్న వేళల్లో బాగున్న నోడ్లు కూడా పక్కకి వెళ్తుంటే మళ్ళీ ఆపేశాం. పక్కన పెట్టిన ఎగ్జిక్యూటర్లని చంపేసే మీట మాత్రం ఆన్‌లోనే ఉంచాం, లేకపోతే అవి పని చేయకుండా మెమరీ పట్టుకుని కూర్చుంటాయి. మాకు షఫుల్ ఫైళ్ళు ఇచ్చే సర్వీసు విడిగా ఉంది కాబట్టి చంపినా నష్టం లేదు. మీకు అది లేకపోతే జాగ్రత్త.

చివరికి మాకు ఎక్కువ పనికొచ్చింది స్పార్క్‌లో లేదు, యార్న్‌లో ఉంది. మనం రాసిన స్క్రిప్ట్‌ని యార్న్ ప్రతి నోడ్ మీదా అప్పుడప్పుడూ నడుపుతుంది. ఆ స్క్రిప్ట్ ‘ఎర్రర్’ అనే ఇంగ్లీషు మాటని పెద్ద అక్షరాల్లో వరస మొదట్లో ముద్రిస్తే చాలు, ఆ నోడ్‌కి కొత్త పని ఇవ్వడం మానేస్తుంది. ఒక్క జాబ్‌కే కాదు, అందరికీ. 240 మంది మేస్త్రీలకీ ఒక్కసారే కబురందినట్టు. మాది 15 వరసల స్క్రిప్ట్. పైథాన్ ప్యాకేజీలు వస్తున్నాయా, టెంపరరీ ఫోల్డర్లో చోటుందా, ప్రతి డిస్క్ మీదా చిన్న ఫైలు రాసి చదవడానికి ఎంత సేపు పట్టింది, డిస్క్ తనంతట తను నమోదు చేసుకున్న చెడ్డ సెక్టార్లెన్ని. డిఫాల్ట్‌గా పది నిమిషాలకోసారి నడుస్తుంది, మేం రెండు నిమిషాలకి తగ్గించాం. మొదట్లో మరీ కఠినంగా రాసి ఒక రాత్రి 19 నోడ్లని ఒకేసారి పక్కన పెట్టేశాను. ఆ కథ ఇంకోసారి.

కాబట్టి మూడున్నర. పది నోడ్ల పైన సొంత క్లస్టర్ ఉన్నవాళ్ళు ఈ సాయంత్రమే ఆన్ చేయండి, అంకెలు ముట్టుకోకండి, పొద్దున్న మెయిల్ మాత్రం మరవకండి. ఫెయిలయ్యే నోడ్ల దగ్గర దీనికి ఐదుకి ఐదు ఇచ్చేదాన్ని. ఈడ్చే నోడ్లని ఇది చూడనే చూడదు, తెలుసుకున్నది ఎవరికీ చెప్పదు.

ఆదివారం నాన్నకి ఫోన్ చేస్తే ఎప్పటిలాగే ముందు ఆరోగ్యం, తర్వాత పిల్లలు, ఆ తర్వాత క్లస్టర్.

"ఆ ముప్పై ఏడో హమాలీ ఎలా ఉన్నాడమ్మాయ్?"

"రెండు డిస్కులు మార్చారు నాన్నా. సోమవారం పనిలోకి వస్తాడు."

"మొదటి రోజు తేలిక బస్తాలివ్వు."

సోమవారం రాత్రి దానికి టెస్ట్ జాబులే ఇచ్చాను.